గేమింగ్‌కి వైర్డ్ మౌస్: ఎలా ఎంచుకోవాలి, ఎలా సెట్ చేసుకోవాలి, ఎలా పరీక్షించాలి

గేమింగ్ మౌస్ గురించి అందరూ పదే పదే అడిగేది ఒకటే: ఎంత డీపీఐ (మౌస్ ఒక అంగుళం కదిలితే పంపే అడుగుల లెక్క) ఉన్నది తీసుకోవాలి? ఎంతున్నా ఫర్వాలేదు. గేమింగ్ మౌస్ అని అమ్ముతున్న దాదాపు ప్రతిదీ 800, 1600 డీపీఐ ఇస్తుంది. ఆటలో అంతకు మించి అవసరం పడదు. పెట్టె మీద 26,000 అని ఉన్నంత మాత్రాన గురి కుదరదు. గురిని చెడగొట్టేవి చాలావరకు మూడే: చేతికి సరిపడని ఆకారం, చేతిని వెనక్కి లాగే కేబుల్, విండోస్‌లో ఆన్‌లోనే ఉండిపోయిన యాక్సిలరేషన్ (చేతి వేగాన్ని బట్టి పాయింటర్ వెళ్లే దూరాన్ని మార్చే సెట్టింగు). ఈ మూడింటినీ సరిచేసుకునే పద్ధతి, సరిచేశాక స్కేలుతో కొలిచి నిర్ధారించుకునే పద్ధతి కింద వరసగా ఉన్నాయి.

వైర్డే ఎందుకు అంటారా? మంచి వైర్‌లెస్ మౌస్ ఇప్పుడు స్పందన వేగంలో దీనికేమీ తీసిపోదు. కానీ వైర్డ్‌లో ఛార్జింగ్ గొడవ లేదు, రిసీవర్‌కి అడ్డొచ్చే సిగ్నళ్ల బెడద లేదు, అదే ఖర్చుకి కదలికని చదివే సెన్సర్, క్లిక్‌ని పట్టే స్విచ్‌లు ఇంకాస్త మంచివి వస్తాయి. బదులుగా కేబుల్‌ని మీరే చూసుకోవాలి.

దగ్గర పెట్టుకోవాల్సినవి

- మిల్లీమీటర్ల గీతలున్న స్కేలు
- గుడ్డ మౌస్‌ప్యాడ్, కనీసం 40 సెం.మీ. వెడల్పుది
- పనికిరాని బ్యాంకు కార్డులు నాలుగు (ఒక్కోటి 0.76 మి.మీ. మందం ఉంటుంది)
- మౌస్ బంజీ (కేబుల్‌ని ఎత్తి పట్టుకునే చిన్న స్టాండు), లేదా జిగురు టేపు
- పొడి దూదిపుల్లలు
- మీ మౌస్ కంపెనీ సొంత సైట్ నుంచి తీసుకున్న సాఫ్ట్‌వేర్

1. ముందు చెయ్యి కొలవండి

వేళ్లు దగ్గరగా చాపి, మధ్యవేలి కొస నుంచి మణికట్టు దగ్గరి గీత వరకు పొడవు కొలవండి. తర్వాత బొటనవేలిని వదిలేసి, మిగిలిన నాలుగు వేళ్ల మొదళ్ల దగ్గర అడ్డంగా వెడల్పు కొలవండి. రెండింటినీ 0.6తో గుణించండి. చెయ్యి 18.5 సెం.మీ. పొడవు, 9 సెం.మీ. వెడల్పు ఉంటే 11.1, 5.4 వస్తాయి. వెతుకులాట మొదలుపెట్టడానికి ఆ సైజు చాలు. అరచెయ్యి మొత్తం మౌస్ మీద ఆనించి పట్టుకునేవాళ్లు పొడవుకి ఇంకో సెంటీమీటరు కలుపుకోవాలి.

ఇక్కడ చాలామంది పొరబడేది వెడల్పు దగ్గర. కంపెనీలు ఇచ్చే వెడల్పు సాధారణంగా మౌస్‌లో అన్నిటికంటే లావుగా ఉన్న చోటిది. మీకు కావాల్సింది బొటనవేలు ఒకవైపు, ఉంగరంవేలు ఇంకోవైపు ఆనే చోట ఎంతుందో. పక్కలు లోపలికి నొక్కుకుపోయిన మౌస్‌లలో ఈ రెండింటి మధ్య తేడా సెంటీమీటరు దాకా ఉండొచ్చు.

2. మీ పట్టు ఏదో గుర్తించండి

ఏ మౌస్ అందుబాటులో ఉంటే దాని మీద, ఆలోచించకుండా, ఆడేటప్పుడు పెట్టినట్టే చెయ్యి పెట్టండి. ఇప్పుడు చూడండి.

అరచెయ్యి మొత్తం ఆని, వేళ్లు చాచి ఉంటే అది పామ్ గ్రిప్. పొడవైన, వీపు ఎత్తుగా ఉన్న, కుడివైపుకి ఒరిగిన ఆకారం సుఖంగా ఉంటుంది.

అరచెయ్యి వెనకభాగం మాత్రమే ఆని, వేళ్లు పంజాలా వంగి బటన్ల మీద నిలబడితే క్లా గ్రిప్. ఎత్తు వెనకవైపు ఉన్న మౌస్ చూసుకోండి. ఎత్తు నడుమ ఉంటే అరచేతికి ఆనిక దొరక్క పట్టు జారుతుంది.

అరచెయ్యి అసలు తగలకుండా వేలికొనలతోనే పట్టుకుంటే ఫింగర్‌టిప్ గ్రిప్. చిన్నది, బల్లపరుపుగా ఉన్నది, తేలికైనది కావాలి. ఈ పట్టువాళ్లకి తూకం అందరికంటే ఎక్కువ తెలుస్తుంది.

పట్టు మార్చుకోవడానికి ప్రయత్నించకండి. పట్టుకి తగ్గ మౌస్ దొరుకుతుంది, మౌస్‌కి తగ్గట్టు చెయ్యి మారదు.

ఎడమచేతివాళ్లకి హెచ్చరిక: రెండు వైపులా ఒకేలా ఉన్న మౌస్ అంతా ఎడమచేతికి పనికొస్తుందనుకోకండి. ఆకారం సమానంగా ఉండి సైడ్ బటన్లు ఎడమ పక్కనే ఉంటే అది కుడిచేతి మౌసే. రెండు పక్కలా బటన్లున్నాయో లేదో ఫొటోలో చూసి తీసుకోండి.

3. సెన్సర్, తూకం, స్విచ్‌లు

సెన్సర్ పేరు వివరాల్లో ఉండాలి. పిక్సార్ట్ కంపెనీ 3360, 3370, 3389, 3395 లాంటివి కనిపిస్తే నిశ్చింతగా తీసుకోవచ్చు. వీటిలో పాతదైన 3360 కూడా సెకనుకి 250 అంగుళాల వేగం, అంటే ఆరు మీటర్ల పైమాట, తట్టుకుంటుంది. చేత్తో విసిరే విసురు అంతవరకు పోదు. సెన్సర్ పేరే చెప్పకుండా డీపీఐ అంకె ఒక్కటే పెద్దగా రాసిన మౌస్‌ని పక్కన పెట్టండి. అక్కడ సెన్సర్ నిజంగా చదివేది తక్కువ, మిగతాది లెక్కగట్టి పెంచిన అంకె అయ్యే అవకాశం ఎక్కువ. అలాంటివి వేగంగా తిప్పినప్పుడు జాడ తప్పి, మీ గురిని ఆకాశంలోకో నేలలోకో తీసుకెళ్లి పడేస్తాయి.

తూకం 60 నుంచి 80 గ్రాముల మధ్య ఉంటే ఎక్కువమందికి కుదురుతుంది. 100 దాటితే షూటింగ్ ఆటల్లో మౌస్‌ని పదే పదే ఎత్తి పెట్టేటప్పుడు అలసట తెలుస్తుంది. అంతకన్నా తేలిక కోసం ఆకారం విషయంలో రాజీ పడకండి.

స్విచ్‌లు రెండు రకాలు. లోహపు ఆకు తగిలి పనిచేసే మెకానికల్ స్విచ్‌లో ఆ ఆకు అరిగినా, తుప్పు పట్టినా ఒక నొక్కుకి రెండు క్లిక్‌లు పడడం మొదలవుతుంది. కాంతి కిరణాన్ని అడ్డుకుని పనిచేసే ఆప్టికల్ స్విచ్‌కి ఈ రోగం రాదు. నొక్కుడు అనుభూతి మాత్రం కొందరికి నచ్చదు. అన్నీ సమానంగా ఉండి ఈ ఒక్కటే తేడా అయితే ఆప్టికల్ తీసుకోవడమే మంచిది.

లైట్ల గురించి చెప్పడానికేమీ లేదు. ఉన్నా లేకున్నా ఆటకి ఒకటే.

4. కేబుల్

వైర్డ్ మౌస్‌లో బాగుందా లేదా తేల్చేది కేబులే. గట్టి రబ్బరు కేబుల్, బిగుతుగా అల్లిన కేబుల్ మడతలు గుర్తుపెట్టుకుని మౌస్‌ని తమవైపు లాగుతాయి. మీరు చిన్నగా సరిచేయబోతే కేబుల్ వెనక్కి నెట్టి గురిని దాటిస్తుంది. పారాకార్డ్ అని పిలిచే వదులుగా అల్లిన మెత్తటి కేబుల్ ఉన్నది చూసుకోండి. పరీక్ష సులువు: మౌస్‌ని బల్ల మీదే ఉంచి, దాని నుంచి 10 సెం.మీ. దూరంలో కేబుల్‌ని పట్టుకుని పైకెత్తి వదలండి. నిటారుగా నిలబడిపోతే గట్టిది, వంగి వాలిపోతే మెత్తటిది.

బంజీ ఉంటే ప్యాడ్ వెనక అంచుకి నడిమధ్యన పెట్టండి. కేబుల్ ప్యాడ్‌కి తగలకుండా గాల్లో ఉండాలి. బంజీకి, మౌస్‌కి మధ్య ఎంత కేబుల్ వదలాలంటే, మౌస్‌ని ప్యాడ్ దిగువ మూలలకి తీసుకెళ్లినా లాగినట్టు ఉండకూడదు. అక్కడి నుంచి ఇంకో రెండు మూడు సెంటీమీటర్లు వదులు ఇవ్వండి. అంతకంటే ఎక్కువ వదిలితే ఉచ్చులా కిందికి జారి ప్యాడ్‌ని రుద్దుతుంది.

బంజీ లేకపోయినా మునిగిపోయిందేమీ లేదు. అదే కొలతతో కేబుల్‌ని బల్ల వెనక అంచు దగ్గర, లేదా మానిటర్ స్టాండ్ మీద కాస్త ఎత్తులో టేపుతో అంటించండి. అసలు చేయకూడనిది ఒకటుంది: కేబుల్‌ని బల్ల వెనక నుంచి కిందికి వేలాడనివ్వడం. వేలాడే భాగం బరువంతా మీ చేతి మీదే పడుతుంది.

5. పెట్టె తెరవగానే

మౌస్ అడుగున స్కేట్ల (మౌస్ జారడానికి అతికించిన నున్నటి పట్టీల) మీద సన్నటి ప్లాస్టిక్ పొర ఉందేమో గోటితో గీకి చూడండి. ఉంటే తీసేయండి. మౌస్ సరిగా జారడం లేదని బాధపడేవాళ్లలో కొందరి సమస్య ఇక్కడే తేలిపోతుంది.

తర్వాత మౌస్ పక్కల్ని ఆటలో పట్టుకునే బలానికి రెట్టింపు బలంతో నొక్కండి. సైడ్ బటన్ దానంతటది పడకూడదు. చెవి దగ్గర పెట్టి కొద్దిగా ఊపండి. స్క్రోల్ చక్రం చిన్నగా శబ్దం చేస్తే తప్పులేదు, లోపల వదులు ముక్క దొర్లినట్టు వినిపిస్తే వెనక్కి ఇచ్చేయండి.

6. ఎక్కడ గుచ్చాలి, ఏ సెట్టింగులు పెట్టాలి

డెస్క్‌టాప్ అయితే వెనక మదర్‌బోర్డ్ మీదున్న యూఎస్‌బీ పోర్టులో గుచ్చండి. హార్డ్ డిస్కులు, వెబ్‌క్యామ్ ఉన్న హబ్‌లో పెట్టకండి. సెకనుకి వెయ్యిసార్లు సమాచారం పంపే 1000 హెర్ట్జ్ మౌస్‌కి యూఎస్‌బీ 2.0 పోర్టు పూర్తిగా సరిపోతుంది, నీలం రంగు పోర్టే కావాలని లేదు.

సాఫ్ట్‌వేర్‌లో ఇలా పెట్టండి:

- డీపీఐ: 800. మానిటర్ 2560 అడ్డం పిక్సెళ్లు లేదా అంతకు మించి ఉంటే 1600.
- పోలింగ్ రేటు: 1000 హెర్ట్జ్. 125 పెడితే 8 మిల్లీసెకన్లకి ఒకసారి, 1000 పెడితే 1 మిల్లీసెకనుకి ఒకసారి సమాచారం వెళ్తుంది. ఈ తేడా చేతికి తెలుస్తుంది. 8000 పెడితే 0.125కి తగ్గుతుంది, కానీ ప్రాసెసర్ మీద భారం పెరిగి కొన్ని ఆటలు తడబడతాయి. ప్రాసెసర్ బలంగా ఉంటేనే అటు వెళ్లండి.
- యాంగిల్ స్నాపింగ్: ఆఫ్. ఇది మీ వంకర కదలికని బలవంతంగా తిన్నటి గీతగా మారుస్తుంది.
- లిఫ్ట్ ఆఫ్ డిస్టెన్స్ (మౌస్‌ని ఎంత ఎత్తు లేపితే సెన్సర్ చదవడం ఆపుతుందో ఆ దూరం): అన్నిటికన్నా తక్కువ.
- డీబౌన్స్ (ఒక క్లిక్ తర్వాత ఇంకోదాన్ని లెక్కలోకి తీసుకోకుండా ఆగే సమయం): కంపెనీ ఇచ్చిన విలువే ఉంచండి. వేగం కోసం మరీ తగ్గిస్తే కొత్త మౌస్‌లో కూడా డబుల్ క్లిక్ వస్తుంది.
- డీపీఐ బటన్: ఒక్క విలువ మాత్రమే ఉంచి మిగతావి తీసేయండి. ఆట మధ్యలో పొరపాటున వేలు తగిలి వేగం మారిపోవడం చాలా మామూలు.

మౌస్‌లోనే మెమరీ ఉంటే సెట్టింగులు అందులో భద్రపరిచి సాఫ్ట్‌వేర్‌ని మూసేయండి. వెనకాల నడుస్తూ ఉండాల్సిన పని లేదు.

డీపీఐ ఇంకా పెంచితే నష్టం ఉందా? కొన్ని సెన్సర్లలో ఉంది. ఉదాహరణకి 3360 సుమారు 2100 డీపీఐ దాటాక కదలికని నునుపు చేయడం మొదలుపెడుతుంది, దాంతో స్వల్పంగా ఆలస్యం కలుస్తుంది. 1600 లోపు ఉంటే ఈ లెక్కలన్నీ అక్కర్లేదు.

7. విండోస్‌లో యాక్సిలరేషన్ తీసేయండి

సెట్టింగ్స్‌లో మౌస్ పేజీ తెరిచి, అడిషనల్ మౌస్ సెట్టింగ్స్‌లోకి, అక్కడి నుంచి పాయింటర్ ఆప్షన్స్‌లోకి వెళ్లండి. ఎన్‌హాన్స్ పాయింటర్ ప్రెసిషన్ అన్న గడిలో టిక్కు తీసేయండి. పేరు చూసి అది కచ్చితత్వం పెంచుతుందనుకుంటారు. అది చేసే పని వేరు: మీరు వేగంగా కదిపితే ఎక్కువ దూరం, నెమ్మదిగా కదిపితే తక్కువ దూరం పాయింటర్‌ని పంపుతుంది. ఒకే దూరానికి ఒకే ఫలితం రాకపోతే చేతికి అలవాటు ఎలా పడుతుంది?

పైనున్న వేగం స్లైడర్‌ని సరిగ్గా నడుమ, 11 గీతల్లో ఆరో దాని మీద ఉంచండి. ఆటలో రా ఇన్‌పుట్ అనే సెట్టింగు ఉంటే ఆన్ చేయండి. అది ఆన్‌లో ఉంటే ఆట విండోస్ సెట్టింగుల్ని పట్టించుకోకుండా మౌస్ నుంచి నేరుగా చదువుతుంది. మ్యాక్ కొత్త వెర్షన్లలో మౌస్ సెట్టింగుల్లోని అడ్వాన్స్‌డ్ కింద పాయింటర్ యాక్సిలరేషన్ ఆఫ్ చేయండి. లినక్స్‌లో యాక్సిలరేషన్ ప్రొఫైల్‌ని ఫ్లాట్ చేయండి.

8. ఆటలో సెన్సిటివిటీ కుదుర్చుకోవడం

సెన్సిటివిటీ అంటే మౌస్ కదలికకి ఆటలో చూపు ఎంత తిరగాలో చెప్పే సెట్టింగు. పేరున్న ఆటగాళ్ల సెట్టింగులు చూసి పెట్టుకోవడం కన్నా మీ ప్యాడ్‌ని బట్టి మొదలుపెట్టడం మేలు. మౌస్‌ని ప్యాడ్ నడుమ పెట్టి, అక్కడి నుంచి అంచుకి తగిలేదాకా ఎంత జరుపుకోగలరో కొలవండి. 45 సెం.మీ. ప్యాడ్ మీద మౌస్ వెడల్పు పోగా దాదాపు 20 సెం.మీ. దొరుకుతుంది. ఆ దూరంలో పాత్ర వెనక్కి తిరగగలగాలి, అంటే 180 డిగ్రీలు. కాబట్టి పూర్తి చుట్టుకి 40 సెం.మీ.

ఇప్పుడు శిక్షణ మైదానంలో ఒక స్తంభానికి గురి పెట్టి, స్కేలు పక్కన మౌస్‌ని 40 సెం.మీ. అడ్డంగా జరపండి. చుట్టూ తిరిగి అదే స్తంభం దగ్గరికి వస్తే సరిపోయింది. దాటిపోతే సెన్సిటివిటీ తగ్గించండి, రాకపోతే పెంచండి. ఏ సూత్రం తెలియకపోయినా ఏ ఆటలోనైనా ఈ పద్ధతి నడుస్తుంది.

లెక్కలే కావాలంటే, కౌంటర్ స్ట్రైక్ 2లో 800 డీపీఐ, సెన్సిటివిటీ 1 పెడితే పూర్తి చుట్టు 52 సెం.మీ. దగ్గర పడుతుంది. 1.2 పెడితే 43. అక్కడి విలువని 3.18తో భాగిస్తే వాలరెంట్ విలువ వస్తుంది: 1.2కి 0.377. డీపీఐని రెట్టింపు చేస్తే సెన్సిటివిటీని సగం చేయాలి, అప్పుడే దూరం మారకుండా ఉంటుంది.

నిదానంగా కాచుకుని కాల్చే ఆటల్లో 40 నుంచి 60, ఎగురుతూ దూకుతూ ఆడేవాటిలో 25 నుంచి 40 సెం.మీ. మధ్య ఎక్కువమందికి నప్పుతుంది. పై నుంచి చూస్తూ ఆడే వ్యూహ ఆటలకి ఈ కొలతలు వర్తించవు. అక్కడ పాయింటర్ తెర ఈ చివర నుంచి ఆ చివరికి మణికట్టు కదలికతో వెళ్లగలిగితే చాలు.

ఒకసారి పెట్టాక కనీసం రెండు వారాలు ముట్టుకోకండి. ఒక ఆట ఓడిపోగానే మార్చేసుకోవడమే అన్నిటికన్నా పెద్ద పొరపాటు. మార్చక తప్పకపోతే పది శాతానికి మించొద్దు.

9. సరిగ్గా పనిచేస్తోందో లేదో చూడండి

డీపీఐ నిజమేనా? విండోస్ డిస్‌ప్లే స్కేలింగ్ 100 శాతం పెట్టి, యాక్సిలరేషన్ ఆఫ్ చేసి, పాయింటర్‌ని తెర ఎడమ అంచున ఉంచండి. స్కేలు వెంబడి మెల్లగా కుడికి జరిపి, కుడి అంచుకి తగలగానే ఆపండి. 1920 పిక్సెళ్ల తెర మీద 800 డీపీఐకి 6.1 సెం.మీ. రావాలి. 5.8 వస్తే అసలు డీపీఐ 840 దగ్గర ఉందన్నమాట. ఐదు శాతం తేడా మామూలే, లోపం కాదు. పాత మౌస్ నుంచి కొత్తదానికి మారినప్పుడు అవే సెట్టింగులు వేరుగా అనిపించడానికి తరచూ ఇదే కారణం.

యాక్సిలరేషన్ నిజంగా పోయిందా? ప్యాడ్ ఎడమ అంచున ఒక పుస్తకం నిలకడగా ఉంచి మౌస్‌ని దానికి ఆనించండి. ఆటలో ఒక గుర్తు మీద గురి పెట్టండి. మౌస్‌ని కుడివైపుకి వీలైనంత వేగంగా విసిరి, తిరిగి పుస్తకానికి తగిలేదాకా చాలా నెమ్మదిగా తీసుకురండి. గురి అదే గుర్తు మీదికి రావాలి. ప్రతిసారీ ఒకేవైపు తప్పుతుంటే యాక్సిలరేషన్ ఎక్కడో ఆన్‌లో ఉంది. ఎటు తప్పుతుందో చెప్పలేనట్టు ఎగిరిపోతుంటే సెన్సర్ ఆ వేగాన్ని అందుకోవడం లేదు.

ఎత్తినప్పుడు పాయింటర్ కదులుతోందా? రెండేసి కార్డులు కలిపి ముందు స్కేట్ల కింద, రెండేసి వెనక స్కేట్ల కింద పెట్టండి. సెన్సర్ రంధ్రం కింద ప్యాడ్ మాత్రమే ఉండాలి, కార్డు అడ్డం వస్తే పరీక్ష చెల్లదు. ఇప్పుడు మౌస్ 1.5 మి.మీ. ఎత్తులో ఉంది. కొద్దిగా కదిపితే పాయింటర్ కదలకూడదు. కదిలితే లిఫ్ట్ ఆఫ్ సెట్టింగు మళ్లీ చూడండి, ప్యాడ్ మార్చి కూడా చూడండి.

పోలింగ్ రేటు 1000 వస్తోందా? బ్రౌజర్‌లో పనిచేసే ఏ మౌస్ రేట్ పరీక్షైనా సరే. కానీ మౌస్‌ని వేగంగా గుండ్రంగా తిప్పుతూ చూడాలి. 400 డీపీఐ మీద సెకనుకి 5 సెం.మీ. చొప్పున కదిపితే మౌస్ పంపడానికి ఉన్నవే 790 లోపు అడుగులు, ఇక 1000 ఎక్కడి నుంచి చూపిస్తుంది? నెమ్మదిగా కదిపి 600 వచ్చిందని మంచి మౌస్‌ని వెనక్కి ఇచ్చేయకండి.

క్లిక్‌లు: క్లిక్‌లు లెక్కపెట్టే పేజీలో వంద సార్లు విడివిడిగా నొక్కండి, సరిగ్గా వంద రావాలి. తర్వాత ఒక ఫైల్‌ని పట్టుకుని బటన్ వదలకుండా పది సెకన్లు తెరంతా తిప్పండి. మధ్యలో జారిపడితే స్విచ్ బాగోలేదు. వారంటీ ఉండగానే ఇది చూసుకోండి.

10. తర్వాత తర్వాత వచ్చే ఇబ్బందులు

పాయింటర్ నిలబడిన చోటే వణుకుతుంటే ముందు సెన్సర్ రంధ్రం చూడండి. ఒక్క వెంట్రుక, ఒక్క పోగు చాలు ఇలా చేయడానికి. కంప్యూటర్ నుంచి తీసేసి, పొడి దూదిపుల్లని అంచుల వెంట మెల్లగా తిప్పండి. లోపల కటకం మీద గట్టిగా రుద్దకండి, ఏ ద్రవమూ పోయకండి.

ఆట మధ్యలో డిస్‌కనెక్ట్ శబ్దం వచ్చి మౌస్ ఆగి మళ్లీ వస్తుంటే, ఇంకో పోర్టులో పెట్టి చూడండి. అక్కడా అంతే అయితే, పాయింటర్‌ని కదుపుతూనే రెండో చేత్తో కేబుల్‌ని మౌస్ మూతి దగ్గర అటూ ఇటూ వంచండి. అప్పుడు ఆగిపోతే లోపల తీగ తెగుతోంది. కేబుల్ మార్చడం కుదురుతుంది గానీ, మౌస్ విప్పాలంటే స్క్రూలు చాలావాటిలో స్కేట్ల కిందే ఉంటాయి. ఊడదీసిన స్కేట్లు మళ్లీ సరిగా అతుక్కోవు, కొత్త జత ముందే తెచ్చి పెట్టుకోండి.

స్క్రోల్ చక్రం కిందికి తిప్పితే ఒక అడుగు పైకి ఎగురుతుంటే లోపల దుమ్ము చేరింది, లేదా ఎన్‌కోడర్ (చక్రం తిరుగుడుని చదివే భాగం) అరిగింది. మౌస్ తీసేసి గాలి ఊది చూడండి. పోకపోతే మరమ్మతే. ఈలోగా చక్రం మీద పెట్టుకున్న ఆట కంట్రోల్‌ని ఏదైనా కీకి మార్చుకోండి.

డబుల్ క్లిక్ మొదలైతే డీబౌన్స్‌ని 8 నుంచి 10 మిల్లీసెకన్లకి పెంచండి. కొన్నాళ్లు నెట్టుకొస్తుంది, అంతే. స్విచ్ మార్చాల్సిందే.

మౌస్ జారుడు కొద్ది నెలల్లో తగ్గిపోయిందంటే స్కేట్లని అనుమానించే ముందు ప్యాడ్‌ని చూడండి. చెయ్యి ఆడే చోట చెమట, జిడ్డు పట్టి ఉంటుంది. గోరువెచ్చటి నీళ్లలో కాస్త సబ్బు వేసి మెత్తటి గుడ్డతో తుడిచి, బాగా కడిగి, ఎండలో కాకుండా నీడలో పూర్తిగా ఆరనివ్వండి. తడి మిగిలిన ప్యాడ్ మీద ఆడితే జారుడు ఇంకా దిగజారుతుంది. స్కేట్ల అంచుల్లో చేరిన మురికిని దూదిపుల్లతో తీసేయండి.

మణికట్టు నొప్పి పెడితే ఆట ఆపండి. కుర్చీ ఎత్తు మార్చి మోచెయ్యి బల్ల ఎత్తుకి వచ్చేలా, మణికట్టు పైకి వంగకుండా తిన్నగా ఉండేలా చూసుకోండి. అలా కూర్చున్నా నొప్పి మళ్లీ మళ్లీ వస్తుంటే మౌస్ మీ చేతికి చిన్నదై, వేళ్లు బిగపట్టి ఆడుతున్నారేమో మొదటి అంచెలోని కొలతలతో సరిచూసుకోండి. అదీ కారణం కాకపోతే డాక్టర్‌కి చూపించండి.